జర్మనమ్మ వర్క్‌షాపు పాఠం

మా ట్రైనింగ్ కాలేజీలో జర్మన్ చెప్పే టీచరమ్మను నోట్లో నాలుక లేని మనిషని అందరూ అనుకునేవారు. పొట్టిగా, సన్నగా, భుజానికి గుడ్డసంచి తగిలించుకుని గోడవారగా నడిచేది. అలా అనుకున్నవాళ్ళెవరూ ఆవిడ వర్క్‌షాపు మాస్టారితో పోట్లాడిన రోజు అక్కడ లేరు. నేనున్నాను. ఆ వర్క్‌షాపు ఊడ్చి తుడిచే ఆయాను నేనే. చేతిలో తడిగుడ్డ పట్టుకుని మొదటి నుంచి చివరిదాకా చూశాను.

మా దగ్గర పిల్లలు మిషన్ల పని నేర్చుకుంటారు. దాంతోపాటు జర్మన్ కూడా వస్తే ఆ దేశపు ఫ్యాక్టరీల్లో ఉద్యోగం దొరుకుతుంది. మిషన్లు కింద వర్క్‌షాపులో, జర్మన్ పైన తరగతి గదిలో. ఏళ్ళ తరబడి అలాగే నడిచింది. ఆ రోజు పొద్దున్నే జర్మనమ్మ తరగతినంతా వెంటేసుకుని మెట్లు దిగి వచ్చింది. ఆ పేరు పిల్లలు పెట్టింది, మాకూ అదే అలవాటైపోయింది. మాస్టారు గుమ్మానికి అడ్డంగా నిలబడ్డారు.

"బల్లలూ కుర్చీలూ పైన ఉన్నాయి మేడమ్. ఇక్కడంతా నూనె. చీర పాడవుతుంది."

"చీర నాదే కదా మాస్టారూ, ఉతుక్కోవడం నాకు వచ్చు."

"భాష చెప్పేవాళ్ళకి మిషన్లతో ఏం పని?"

"మిషన్ల దగ్గర పనిచేయబోయే పిల్లలకి 'మా మామయ్యకి రెండు కుక్కలున్నాయి' అనే వాక్యంతో ఏం పని? పైన ఇన్నాళ్ళూ అదే చెప్పించాను. రేపు అక్కడ మోటారు కాలిపోతుంటే మామయ్య కుక్కల సంగతి చెప్పుకుంటూ నిలబడతారా?"

పిల్లలు కిసుక్కుమన్నారు. మాస్టారి మొహం ఎర్రబడింది. ఈ గొడవ విని ప్రిన్సిపాల్‌గారు కూడా వచ్చారు. అప్పుడు జర్మనమ్మ మూలకు వేలు చూపించింది.

"ఆ మూల దుప్పటి కప్పుకుని పడుకుందెవరు మాస్టారూ?"

అది ఒక పంపుసెట్టు. ఆ దేశం వాళ్ళెవరో ఉచితంగా పంపారు. దాన్ని బిగించే పద్ధతి చెప్పే పుస్తకం మొత్తం జర్మన్‌లో ఉంది. అర్థంకాక టార్పాలిన్ కప్పి వదిలేశారు.

"దానికి... వీలు చూసుకుని..." అని మాస్టారు నసిగారు.

"మీరు దాన్ని జోకొడుతూ ఉండండి. మా పిల్లలు లేపుతారు."

లేపారు కూడా. తరగతిలో బక్కపల్చటి అమ్మాయి ఒకతి ఉండేది, నిద్రలో తప్ప నోరు మూసేది కాదు, పిచ్చుక అనేవాళ్ళు. అది పుస్తకం పట్టుకుని గట్టిగా జర్మన్‌లో చదివింది. దాని స్నేహితురాలు, అందరికంటే పొడుగు పిల్ల, నిచ్చెన అని పిలిచేవాళ్ళు. పిచ్చుక చదివింది విని ఈ పిల్ల ఒక్కో ముక్కా బిగించింది. స్విచ్ వేయగానే పంపు దగ్గి, గొంతు సవరించుకుని, ప్రిన్సిపాల్‌గారి బూట్ల మీద నీళ్ళు ఊసింది. ఆయనే ముందు నవ్వారు. ఇక మాస్టారు ఏం మాట్లాడతారు?

గెలిచినవాళ్ళు అక్కడితో ఆగితే బాగుండేది. జర్మనమ్మ ఆగలేదు. రోజూ మొదటి పీరియడ్ వర్క్‌షాపు తనకే కావాలంది. ఆ పీరియడ్‌లో మాస్టారు ఉండకూడదని కూడా అంది. "ఆయనుంటే పిల్లలు ఆయన మొహమే చూస్తారు సార్. ఆయన మన భాషలో టక్కున చెప్పేస్తారు. ఇక వీళ్ళకి నోరెప్పుడు తిరుగుతుంది?" ప్రిన్సిపాల్‌గారు తడిసిన బూట్లు చూసుకుంటూ సరేనన్నారు. మాస్టారు టీ గ్లాసు తీసుకుని, ఎవరి వైపూ చూడకుండా బయటికి నడిచారు. ఆవిడ నా వైపు తిరిగి కళ్ళెగరేసింది, చిన్నపిల్లలా.

ఆవిడ ఉండేది మా ఇంట్లోనే, నా గది పక్క గదిలో అద్దెకి. మధ్యనున్నది పలచటి గోడ. పొద్దున్నే పొయ్యి వెలిగించి, నీళ్ళు పెట్టి, ఆ నీళ్ళు ఎలా కాగుతున్నాయో జర్మన్‌లో తనకు తానే చెప్పుకునేది. అడుగున బుడగలొచ్చాయి, పైకి లేచాయి, మూత కదిలింది, అన్నీ. ఆ భాష మెత్తగా పలికినా కోప్పడుతున్నట్టే ఉంటుంది. "ఏమ్మా, పొయ్యిని ఎందుకలా తిడుతున్నావు, అదేం చేసింది నిన్ను?" అని గోడ ఇవతల్నుంచి నేను అడిగేదాన్ని. "తిట్టడం లేదు పిన్నీ, పొగుడుతున్నా" అనేది.

నాకు ఆవిడ చుట్టం కాదు. పిన్నీ అని పిలిచింది, నేను పలికాను, అంతే. నన్ను పేరు పెట్టి పిలిచిన మనిషినైతే నేను గుమ్మం కూడా తొక్కనివ్వను.

జర్మనమ్మ చదువు మధ్యలో ఆగిపోతే ఒక ఫ్యాక్టరీ ఆఫీసులో టైపు కొట్టడానికి చేరిందట. ఆ ఫ్యాక్టరీకి జర్మనీ నుంచి ఇంజనీర్లు వచ్చి కొత్త మిషన్లు పెట్టారు. వాళ్ళకి టీ అందించడానికి, కాగితాలు అందించడానికి ఈవిడని నిలబెట్టారు. వాళ్ళు వేలితో చూపిస్తూ ఒకరి మీద ఒకరు అరుచుకుంటుంటే, చూపించిన వస్తువూ, అరిచిన మాటా రెండూ కలిపి మనసులో పెట్టుకుంది. తర్వాత పరీక్షలు కట్టింది, పాసైంది, టీచరైంది. "నేను ఈ భాష కుర్చీలో కూర్చుని నేర్చుకోలేదు పిన్నీ, మిషన్ పక్కన నిలబడి నేర్చుకున్నా. చెవితో విన్నది తిరిగి చెవిలోంచే పోతుంది. చేత్తో చేసింది ఉండిపోతుంది" అనేది.

పెళ్ళి మాటెత్తితే నవ్వేసేది. ఒక సంబంధం వాళ్ళొచ్చి వంట వచ్చా అని అడిగారట. "మీ అబ్బాయికి ఫ్యూజు వేయడం వచ్చా?" అని ఈవిడ అడిగిందట. కాఫీ కూడా తాగకుండా లేచి వెళ్ళారట. అలాంటి మనిషికి ఆ పాఠం తప్ప ఇంకేముంది? చేతికి గాజుల్లేవు, బ్యాంకులో డబ్బులేదు, పండగపూట తలుపు తట్టేవాళ్ళు లేరు. పొద్దున్న మొదటి పీరియడ్ ఉంది.

ఆ పీరియడ్ నేను రోజూ చూసేదాన్ని. బొమ్మలు చూపించడం ఉండేది కాదు. మంచుగడ్డ కావాలంటే మంచుగడ్డే తెచ్చేది, పిల్లల అరచేతిలో పెట్టి కరుగుతుంటే చెప్పమనేది. బ్యాటరీకి తీగ చుట్టి మేకును అయస్కాంతం చేయించేది, అది గుండుసూదుల్ని ఎందుకు పట్టుకుందో చెప్పించేది. అదంతా సైన్సు అట, అదంతా జర్మన్ కూడానట. ఒక పిల్ల పనిచేయాలి, పక్కన ఇంకో పిల్ల నిలబడి ఏం జరుగుతోందో వాక్యాల్లో చెబుతుండాలి. మా దగ్గర్నుంచి ఆ దేశానికి వెళ్ళిన పిల్లలు ఫోన్ చేసి, "టీచర్, మొదటి రోజే సూపర్‌వైజర్ చెప్పింది మొత్తం అర్థమైంది" అంటే, ఆవిడ ఆ ఫోను పట్టుకుని నా గదిలోకి పరిగెత్తుకొచ్చేది.

ఒకటే నియమం. ఆ పీరియడ్‌లో గుమ్మం లోపల మన భాష వినిపించకూడదు. ఒక్క మాట దొర్లినా బయటికి వెళ్ళి, గంట కొట్టేదాకా నా ముక్కాలి పీట పక్కన నిలబడాలి. తిట్టేది కాదు, కొట్టేది కాదు. వేలితో గుమ్మం చూపించేది. పిల్లలకి అదే చావుగా ఉండేది, ఎందుకంటే లోపల జరిగేది అంత బాగుండేది.

బయట ఎక్కువగా నిలబడింది పిచ్చుకే. అది మాట ఆపుకోలేదు. ఒకరోజు నా పక్కన గోడకి ఆనుకుని, గోళ్ళు కొరుక్కుంటూ అడిగింది:

"అమ్మమ్మా, నాకు భయమేసినా జర్మన్‌లోనే వేయాలా?"

"భయానికి భాషేంటే, వెర్రిమొహమా?"

"మరి టీచర్ ఊరుకోదు కదా. నిన్న నా కాలి మీద స్పానర్ పడితే అమ్మా అన్నా. అదిగో, బయటికి పొమ్మంది."

ఆ సాయంత్రం నేను జర్మనమ్మని అడిగాను. "కాలి మీద ఇనుము పడితే అమ్మా అనకుండా ఎలా ఉంటారే?" అన్నాను. "అక్కడ అమ్మా అంటే ఎవరికి అర్థమవుతుంది పిన్నీ? ప్రమాదం వచ్చినప్పుడే వాళ్ళకి జర్మన్ రావాలి. అందుకే కదా ఇంత కష్టపడుతున్నా" అంది. ఆవిడ అన్నదాంట్లో తప్పు పట్టడానికి నాకు ఏమీ దొరకలేదు. ఇప్పటికీ దొరకదు. అదే నన్ను తినేస్తోంది.

అది జరిగిన రోజు పాఠం ఒంటికి రక్షణగా వేసుకునే వాటి మీద. కళ్ళద్దాలు, టోపీ, ఏప్రన్, బూట్లు, చేతి తొడుగులు బల్ల మీద వరసగా పేర్చింది. ఏ వస్తువు పేరు సరిగ్గా చెబితే అది తొడుగుతుంది. నిచ్చెన అన్నీ సరిగ్గా చెప్పింది. పెళ్ళికూతురిని ముస్తాబు చేసినట్టు జర్మనమ్మ ఒక్కొక్కటీ తన చేతులతోనే తొడిగింది. చివర గుడ్డ తొడుగులు వేసి, మణికట్టు దగ్గర పట్టీలు కూడా బిగించింది. జర్మన్‌లో ఏదో అంది, పిల్లలంతా నవ్వారు. అలా అలంకరించిన పిల్లని డ్రిల్లింగ్ మిషన్ దగ్గరికి పంపింది, రేకుకి చిల్లు పెట్టమని. పక్కన నిలబడి వాక్యాలు చెప్పే వంతు పిచ్చుకది.

తిరిగే డ్రిల్లు దగ్గర తొడుగులు వేసుకోకూడదట. ఒట్టి చేతికి తగిలితే తోలు తెగుతుంది, చెయ్యి వెనక్కి వస్తుంది. గుడ్డకి తగిలితే గుడ్డని చుట్టేసుకుని చేతిని కూడా లోపలికి లాగేసుకుంటుంది. మాస్టారు ఆ మిషన్ ముట్టుకోనిచ్చే ముందు ప్రతి బ్యాచ్‌కీ మొట్టమొదట చెప్పే ముక్క అది. ఈ బ్యాచ్‌కి ఆయన ఇంకా డ్రిల్లింగ్ దాకా రాలేదు. ఆయన గదిలో ఉండి ఉంటే మన భాషలో టక్కున చెప్పేసేవారు. ఉండకూడదనే కదా జర్మనమ్మ పోట్లాడి గెలిచింది.

నేను అవతలి మూల ఇనుప రజను ఊడుస్తున్నాను. నాకు మిషన్ కనిపించలేదు, నిచ్చెన వీపు అడ్డొచ్చింది. పిచ్చుక మొహం మాత్రం కనిపించింది. దాని కళ్ళు పెద్దవయ్యాయి. నోరు తెరిచింది, మూసింది. పెదవులు కదులుతున్నాయి, టీచర్ ప్రశ్న అడిగినప్పుడు జవాబు వెతుక్కున్నట్టు. ఒక చూపు గుమ్మం వైపు వేసింది. అంతలో నిచ్చెన కేక వేసింది. ఆ కేక తర్వాత పిచ్చుక నోట్లోంచి వాక్యం వచ్చింది, జర్మన్‌లో, మొదటి నుంచి చివరిదాకా. తొడుగు చిక్కుకుంది, మిషన్ ఆపండి అని అందట, అందులో ఒక్క తప్పు కూడా లేదని జర్మనమ్మ తర్వాత నాతో చెప్పింది.

ఎర్ర బటన్ నొక్కి మిషన్ ఆపింది జర్మనమ్మే. అప్పటికే అయిపోయింది. కుడిచేతి బొటనవేలూ, దాని పక్కన రెండూ పోయాయి. రక్తం తుడిచింది నేనే. అందరూ ఆసుపత్రికి పరిగెత్తాక ఆ గదిలో నేనూ, బకెట్టూ మిగిలాం.

ఆసుపత్రిలో నిచ్చెన వాళ్ళమ్మ జర్మనమ్మని వార్డు గుమ్మంలోనే ఆపేసింది. "చదువు చెప్పమని పంపాను, పిల్లని కోయమని పంపలేదు" అంది. జర్మనమ్మ ఆవిడ కాళ్ళ దగ్గర కూలబడిపోయింది. లోపలి నుంచి నిచ్చెన, మందు మత్తులోనే, "టీచర్, తొడుగుల పేరు నేను కరెక్టుగానే చెప్పాను కదా?" అని అడిగింది.

మాస్టారు గెలిచినట్టు మొహం పెడితే కడిగేద్దామని నేను సిద్ధంగా ఉన్నాను. ఆయన ఆ మిషన్ ముందు స్టూలు వేసుకుని కూర్చుని ఉన్నారు. "నేను గుమ్మంలోనే నిలబడి ఉండాల్సింది. నా పంతం నేనూ చూసుకున్నాను, టీ గ్లాసు పట్టుకుని పోయాను" అన్నారు. ఇక నాకు తిట్టడానికి కూడా మనిషి లేకుండా పోయాడు.

పై ఆఫీసు నుంచి విచారణకి మనుషులు వస్తారని తెలిసింది. ప్రిన్సిపాల్‌గారు నన్ను పిలిచారు. నాకు కుర్చీ చూపించినప్పుడే అర్థమైంది, ఏదో అడగబోతున్నారని. ఇన్నేళ్ళలో ఆ గదిలో నాకు ఎవరూ కుర్చీ చూపించలేదు.

"ఆయమ్మా, మీరు ఆ మూల ఊడుస్తున్నారు కదా. ఏం కనిపించలేదనే చెప్పండి."

"తొడుగుల సంగతి అడిగితేనో?"

"ఆ అమ్మాయే వేసుకుంది, తనంతట తానే. పక్కనున్న పిల్ల చూసి కూడా మిషన్ ఆపలేదు. పిల్లలు కదా, అజాగ్రత్త. టీచర్ ఏదేదో అంటున్నారు, ఆవిడ మనసు బాగాలేదు, ఆవిడ మాట లెక్కలోకి రాదు." ఆయన గొంతు తగ్గించారు. "కాలేజీ మూసేస్తే మిగతా పిల్లలు ఎక్కడికి పోతారు? మీ టీచరమ్మ ఉద్యోగం కూడా నిలబడాలి కదా?"

చెడ్డవాడని అనడానికి లేదు. ఆ రోజు బూట్ల మీద నీళ్ళు పడితే నవ్విన మనిషే. నేను లేచి వచ్చేశాను.

దారిలో పిచ్చుక వాళ్ళమ్మ ఎదురైంది. నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. "రోజంతా వాగుతుంటే నోరు మూసుకోవే అని తిట్టేదాన్ని పెద్దమ్మా. ఇప్పుడు అన్నం తింటావా అన్నా పలకదు. మా పిల్లే మిషన్ ఆపలేదని నిచ్చెన తండ్రి వచ్చి అన్నాడు. అప్పట్నుంచి గోడ వైపు తిరిగి పడుకుంటోంది."

ఆ మధ్యాహ్నం జర్మనమ్మ గదిలోకి వెళ్ళాను. కిటికీ తీసే ఉంది, ఎండ బల్ల మీద పడుతోంది. పొయ్యి చల్లగా ఉంది. నేను పెట్టి వెళ్ళిన అన్నం అలాగే ఉంది. నేల మీద గోడకి ఆనుకుని కూర్చుంది.

"తిండి మానేస్తే ఆ పిల్లకి వేళ్ళు మొలుస్తాయా?" అన్నాను. నాకు ఓదార్చడం చేతకాదు.

"పిన్నీ, నేను చెప్పింది వాళ్ళు రాసుకోవడం లేదు. షాక్‌లో ఉన్నారు మేడమ్, ఇంటికి వెళ్ళండి అంటున్నారు. నిచ్చెనకి ఆ పూట ఏం జరిగిందో గుర్తులేదు. పిచ్చుక మాట్లాడదు. మిగతా పిల్లల్ని తల్లిదండ్రులు పంపడం లేదు. పెద్దదానివి నువ్వొక్కదానివే ఉన్నావు. పట్టీలు నేను బిగించడం చూశావు కదా?"

"చూశాను."

"చెప్తావా?"

"చెప్తే నీ ఉద్యోగం పోతుంది. అది పోతే పోనీ, ఆ పాఠం కూడా పోతుంది. మళ్ళీ పిల్లల్ని పైకెక్కించి మామయ్య కుక్కల గురించి చెప్పిస్తారు. ఇంత చేసి, ఒక్క తప్పుకి మొత్తం మట్టిలో కలుపుకుంటావా?"

"చెప్పుకోనీ పిన్నీ. చేతులైనా ఉంటాయి."

నాకు కోపం ముంచుకొచ్చింది. "కావాలని చేశావా? తెలియక చేశావు. నిచ్చెన తండ్రి ఏదో కడుపుమంటతో పిచ్చుకని అన్నాడు. పిల్లలు మర్చిపోతారు."

ఆవిడ తల అడ్డంగా ఊపింది.

"నిన్న పిచ్చుక ఇంటికి వెళ్ళాను. నన్ను చూడగానే మంచం మీంచి లేచి నిలబడింది, తరగతిలో నిలబడ్డట్టు. నాతో ఏదో చెప్పాలనుకుంది. పెదవులు కదులుతున్నాయి, మాట రావడం లేదు. చూస్తే నాకు అర్థమైంది పిన్నీ. వాళ్ళింట్లో, వాళ్ళమ్మ పక్కన నిలబడి, అది నా కోసం జర్మన్‌లో వెతుక్కుంటోంది. మన భాషలో చెప్పవే అన్నాను. దండం పెట్టి అడిగాను. అది గుమ్మం వైపు చూసింది."

నేను ఆవిడ పక్కన నేల మీద కూర్చున్నాను. మోకాళ్ళు కలుక్కుమన్నాయి.

"పైవాళ్ళ దగ్గరికి తర్వాత వెళ్దువుగాని. ముందు పిచ్చుక వాళ్ళింటికి వెళ్ళు" అంది జర్మనమ్మ. "నువ్వంటే దానికి భయం లేదు, నువ్వు చెబితే వింటుంది. తొడుగులు తొడిగింది టీచరే, నా కళ్ళతో చూశానని చెప్పు. అప్పుడు మన భాషలో అరిచి ఉంటే టీచర్ దాన్ని బయటికి పంపేదే, అది కూడా నాకు తెలుసని చెప్పు. మెత్తగా చెప్పకు, నీకు వచ్చినట్టే గట్టిగా చెప్పు. టీచర్ పాపం మంచిదేనని మాత్రం ఒక్క మాట కూడా అనకు పిన్నీ. ఆ మాట వింటే అది మళ్ళీ తప్పంతా తన మీదే వేసుకుంటుంది."